మా చేలో పిల్లలకి పిట్టలు చూపించాలి, ఎటు నడిపించమంటారు?

బోదెగట్టు:
నమస్కారం అండి. మాది అంబాజీపేట దగ్గర పల్లె. రెండెకరాల కొబ్బరితోట, దాన్ని ఆనుకుని ఎకరంన్నర సార్వా వరి. నేనుండేది హైదరాబాదులో. కార్తీక మాసం వనభోజనాలకి అక్కయ్య పిల్లలు, బాబాయి గారి మనవలు కలిపి ఏడుగురు వస్తున్నారు. ఫోన్లు పక్కన పెట్టించి పొద్దున్నే పిట్టలు చూపిద్దామని నా కోరిక.

నిరుడూ తీసుకెళ్ళాను. టిఫిన్లు తిని బయల్దేరేసరికి తొమ్మిదిన్నర. ముందు మా కుక్క, వెనక పిల్లల కేకలు. రెండు కాకులు, ఒక గోరింక కనిపించాయి. "మామయ్యా, పిట్టలన్నీ సెలవు పెట్టాయా?" అన్నాడు చిన్నోడు. పరువు పోయింది.

ఇంకో డౌటు. మోటారు షెడ్డు పక్కన తీగ మీద ఒక పిట్ట వాలుతుంది. పిచ్చుక కంటే కాస్త పెద్దది, వీపు మట్టిరంగు, కళ్ళ మీదుగా కాటుక పులిమినట్టు నల్లచార. వినాయక చవితి వెళ్ళాక వస్తుంది, ఎండలు ముదిరాక కనబడదు. మూడేళ్ళుగా అదే తీగ. మా నాన్నగారు "మన కౌలుదారు దిగాడ్రా" అంటారు. ఏ పిట్ట అది?

కొబ్బరాకు:
ఆరింటికల్లా గట్టు మీద ఉండండి. కుక్కని కట్టేయండి. టిఫిన్లు తర్వాత.

లంకమనిషి:
ఇంత కష్టం ఎందుకండీ, కొల్లేటి పక్కన ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళి పడవెక్కించండి. గూడబాతులు (పెలికాన్లు) గుంపులుగా కనిపిస్తాయి.

బోదెగట్టు:
వెళ్ళాం అండి, బావుంది. కానీ మా చేలో ఏముందో వీళ్ళకి తెలియాలని.

పాతలాకు:
బాబూ, అసలు నడిపించకండి, కూర్చోబెట్టండి. కోతకి ముందు చేలో నీరు తీసేస్తారు కదా, ఆ రోజు చూసుకోండి. నీళ్ళు పల్లానికి జారేకొద్దీ చేపపిల్లలు, కప్పలు, నత్తలు తూము దగ్గర పోగవుతాయి. మీరు వెతకక్కర్లేదు, పిట్టలే అక్కడికి వస్తాయి. గుడ్డికొంగ మట్టిబెడ్డలా ముడుచుకుని ఉంటుంది. లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి, పిల్లలు అరవకుండా ఉండలేరు. నత్తగుల్ల కొంగ వస్తే ముక్కు చూపించండి. మూసినా మధ్యలో సందు ఉంటుంది. దాని పిల్లలకి ఆ సందు ఉండదు, పెద్దయ్యాకే వస్తుంది. గుల్ల పగలగొట్టకుండానే లోపలి నత్తని లాగేస్తుంది. గట్టు మీద ఖాళీ గుల్లలు ఏరించండి.

చేలో టీ ఆకారం కర్రలు పాతారా? పురుగు మందు కొట్టే ముందు అవి పాతి చూడాలని నా అభిప్రాయం. పసులపోలిగాడు, అదే తోక చీలిన నల్లపిట్ట, వాటి మీదే కూర్చుని పురుగులు పడతాడు.

మీ కౌలుదారు బ్రౌన్ ష్రైక్. సైబీరియా, మంగోలియా, చైనా వైపు గుడ్లు పెట్టి చలికాలానికి ఇటు వస్తుంది. ఇక్కడున్నన్నాళ్ళూ ఒంటరి, తన చోటికి ఇంకోదాన్ని రానివ్వదు. కాళ్ళకి రింగులు తొడిగి చూసినవాళ్ళకి అదే పిట్ట ఏటా అదే చోటికి తిరిగి రావడం కనిపించింది. మీ నాన్నగారు పెట్టిన పేరే బావుంది.

బోదెగట్టు:
వెళ్ళొచ్చాం. ఐదుంపావుకి లేపితే ఇద్దరు ఏడుపు. తూముకి పాతిక అడుగుల దూరంలో గోనెసంచులు పరిచి కూర్చోబెట్టా. పది నిమిషాలు ఏమీ లేదు, నాకు టెన్షన్. మంచు విడుతుంటే తెల్లకొంగలు దిగాయి, వెనకే నత్తగుల్ల కొంగ ఒకటి. నీళ్ళలో ముక్కు ముంచి, తల అటూ ఇటూ తిప్పి తిప్పి, ఒక్క కుదుపుతో నత్తని పైకి లాగింది. చిన్నోడు నా చెయ్యి గిచ్చి వదల్లేదు, ఇంకా ఎర్రగా ఉంది. పాలపిట్ట కూడా కనిపించింది. దసరా వెళ్ళిపోయినా మా అమ్మ దణ్ణం పెట్టేసుకుంది.

కౌలుదారు తీగ మీదే ఉన్నాడు. మిడతని పట్టి, కాలి కింద తొక్కిపెట్టి, ముక్కలు చేసి తిన్నాడు. "తాతయ్యా, కౌలు ఎంత ఇస్తాడు?" అని పిల్లలు. "మిడతకి ఇంత అని లెక్క" అన్నారు నాన్నగారు.

వచ్చేటప్పుడు కాలవ గట్టు తాడిచెట్టు కింద గిజిగాడి గూడు రాలి ఉంది. లోపల ఎండిన మట్టి అంటుకుని ఉంది. అదెందుకు?

పాతలాకు:
ఆ మట్టికి మిణుగురుల్ని అంటించి దీపం పెట్టుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. అది కథ. గూడు సగం అల్లాక మగపిట్ట తడిమట్టి తెచ్చి లోపల అద్దుతుంది, ఆ తర్వాతే ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితే ఒప్పుకుంటుంది. గూడు గాలికి ఊగకుండా బరువుకని కొందరంటారు. ఆ గూడు పిల్లలకి ఇచ్చేయండి గానీ, రెండ్రోజులు ఎండలో పెట్టాకే ఇంట్లోకి తేనివ్వండి, పురుగులుంటాయి.