పర్లాకిమిడి చిన్నరైలు పెట్టె 1:87లో: మలుపులో పట్టాలు దిగుతోంది, చూస్తే బొమ్మలా మెరుస్తోంది

పర్లాకిమిడి నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. నౌపడ – గుణుపురం న్యారోగేజి లైనులో తిరిగిన ప్రయాణికుల పెట్టె ఒకటి ఇంట్లో కడుతున్నాను. స్కేలు 1:87, అంటే అసలు బండిలో 87వ వంతు. కింద పట్టాల మధ్య 9 మి.మీ. ఉండే ఎన్ గేజి మోడల్ ట్రాకు. గోడలు ఐవరీ కార్డు, నేల సన్‌బోర్డు, పైకప్పు కూడా కార్డే. పొడవు 12 సెం.మీ. చక్రాల బోగీలు (పెట్టె కింద స్క్రూ మీద తిరిగే నాలుగు చక్రాల చట్రాలు) పాత ఎన్ గేజి వ్యాగన్ నుంచి తీసినవి.

చిక్కులు ఇవీ. మలుపు రాగానే ముందు బోగీ పట్టాలు దిగుతోంది. ఈ వానలకి గోడలు లోపలికి వంగుతున్నాయి. మెరూన్ స్ప్రే కొట్టాక బండి తళతళా మెరుస్తోంది, ఏళ్ల తరబడి తిరిగిన పెట్టెలా ఎలా చెయ్యాలో తెలియడం లేదు. ఇక్కడ హాబీ షాపులు లేవు, స్టేషనరీ కొట్లో, హార్డ్‌వేర్ కొట్లో దొరికే వాటితో చెప్పండి. ఇంకొకటి: 9 మి.మీ. ట్రాకు మన లైనుకి లెక్క ప్రకారం సరైనదేనా? ఒకరు తప్పన్నారు, టెన్షన్‌గా ఉంది.

రాయగడ నుంచి జవాబు

బాబూ, ఆఖరి సందేహం ముందు తీర్చేస్తాను. మన చిన్నరైలు గేజి రెండడుగుల ఆరంగుళాలు, అంటే 762 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. 9 మి.మీ. పట్టా దాదాపు అతికినట్టే. తలనొప్పంతా బ్రాడ్‌గేజి కట్టే మాలాంటి వాళ్లది. 1676ని 87తో భాగిస్తే 19 మి.మీ. పైన రావాలి, బజారులో దొరికే హెచ్‌ఓ (1:87 స్కేలుకి మోడల్ వాళ్ల పేరు) ట్రాకు 16.5. అది 1435 గేజి నడిచే దేశాల లెక్క. మేం ఆ తేడాని చూసీ చూడనట్టు వదిలేస్తాం. నీకా బాధ లేదు.

ఇక పట్టాలు దిగడం. రెండు బోగీల స్క్రూలూ ఒకేలా బిగించి ఉంటావు. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుందే, అదే జరుగుతోంది. ఒక బోగీ ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగాలి, పక్కలకి ఊగకూడదు. రెండోది అన్ని వైపులా వదులుగా ఊగాలి. అప్పుడు పెట్టె మూడు చోట్ల ఆనినట్టవుతుంది, పట్టా ఎలా ఉన్నా ఎనిమిది చక్రాలూ దాన్ని పట్టుకునే ఉంటాయి. ఒక బోగీ పైన, స్క్రూకి కుడి ఎడమల్లో చిన్న కార్డు ముక్కలు అంటించి పక్క ఊపు ఆపు. రెండో దాని స్క్రూ అర చుట్టు వదులు చెయ్యి. తరవాత పెట్టెని మలుపులో చేత్తో తోస్తూ కింద నుంచి చూడు. చక్రం ఫుట్‌బోర్డుకి తగులుతుంటే ఎంత వదులు చేసినా లాభం లేదు, ఫుట్‌బోర్డు లోపలి వైపు అర మిల్లీమీటరు గీకాల్సిందే.

బరువు కూడా చూసుకో. కార్డు పెట్టె గాలికే కదులుతుంది. అమెరికా మోడల్ రైల్వే సంఘం, ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ, హెచ్‌ఓ న్యారోగేజి పెట్టెలకి చెప్పే లెక్క: ముప్పావు ఔన్సు, దాని పైన పొడవులో ప్రతి అంగుళానికీ ఔన్సులో ఎనిమిదింట మూడు వంతులు. నీ 12 సెం.మీ. పెట్టెకి సుమారు 70 గ్రాములు అవుతుంది. నీ ఇంజన్ చిన్నదైతే కొంచెం తగ్గించుకో, కానీ పెట్టెలన్నీ ఒకే లెక్కలో ఉండాలి. ఇనప వాషర్లు నేల మీద, బోగీల మధ్య పరిచి ఎరాల్డైట్‌తో అంటించు. చేపల గాలానికి కట్టే సీసం గుళ్లు వాడాలనిపిస్తే మాత్రం ఫెవికాల్ వద్దు. మూసిన పెట్టెలో ఆ జిగురు ఆమ్లానికి సీసం మెల్లగా తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది, కొన్నేళ్లకి నేల పగిలిపోతుంది.

బరంపురం నుంచి జవాబు

గోడలు వంగడానికి కారణం ఒక వైపే రంగు పడటం. బయట స్ప్రే రంగు తాగి కార్డు బిగిసింది, లోపలి వైపు మాత్రం గాలిలో తేమ పీలుస్తూనే ఉంది. మళ్లీ కడితే ముక్కలు కోయక ముందే కార్డుకి రెండు వైపులా వడ్రంగులు వాడే లక్క పాలిష్ పల్చగా పట్టించండి. ఆరాక కోస్తే అంచులకి పీచు కూడా లేవదు. ఇప్పుడున్న పెట్టెకైతే పైకప్పు తీసి లోపల అదే పాలిష్ పూసి, సీట్ల వెనక అడ్డంగా రెండు మూడు బలమైన పార్టిషన్లు పెట్టండి. బండిలో అవి ఉండేవా అని ఎవరూ కిటికీలోంచి తొంగి చూడరు.

పైకప్పుకి ఒక పొర కార్డు చాలదు. పల్చటి కాగితాలు మూడు పొరలు ఫెవికాల్‌తో అంటించి, తగిన వంపున్న సీసాకి చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఆ వంపులోనే గట్టిపడి ఉంటుంది.

మెరుపుకి మందు మ్యాట్ క్లియర్ స్ప్రే, అంటే మెరుపు లేని పారదర్శక పూత. కానీ ఈ ముసురులో కొడితే తెల్లగా పాలిపోతుంది. తిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రంగు చల్లబడి, గాలిలో తేమ దాని మీదే పేరుకుంటుంది. ఎండ వచ్చిన రోజు మధ్యాహ్నం, డబ్బాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, పల్చగా కొట్టండి. వేడి నీళ్లలో మాత్రం పెట్టొద్దు. ఎండ రాకపోతే బ్రష్‌తో పూసే మ్యాట్ వార్నిష్ మేలు.

పెచ్చులు లేచిన రంగు కావాలంటే ఉప్పు పద్ధతి ఉంది. ముందు తుప్పు రంగు వేసి ఆరనిచ్చి, అక్కడక్కడా తడి చేసి ఉప్పు రాల్చి, పూర్తిగా ఎండాక మెరూన్ కొట్టి, గట్టి బ్రష్‌తో ఉప్పు దులిపేయడమే. నౌపడ ఉప్పు మడుల లైనుకి ఉప్పుతోనే పాతరూపు!

గుణుపురం నుంచి జవాబు

ఉప్పు సంగతి బాగానే ఉంది గానీ, తమ్ముడూ, తొందరపడకు. 1:87లో ఒక్క మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు బండి మీద 87 మి.మీ., దాదాపు అరచేయి వెడల్పు. కల్లుప్పు గడ్డ అంటించావంటే పెట్టెకి కుష్టు పట్టినట్టుంటుంది. ఉప్పుని రోట్లో మెత్తగా నూరి, పొడిలో పొడి అన్నట్టు రాల్చు. అదీ రేకు గోడలకే. నీ దగ్గరున్న ఫోటోలో గోడ చెక్క పలకలైతే ఉప్పు అసలు వద్దు. చెక్క మీద రంగు వెలిసిపోతుంది, పలకల సందుల వెంబడి చీలుతుంది, తుప్పు మచ్చలు రావు.

ఈ బండిలో తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెప్తాను. మురికి అన్ని చోట్లా ఒకేలా ఉండదు, ప్రతి మరకా ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడో ఆగుతుంది. ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో అనుకున్నాకే బ్రష్ పట్టు. చాలామంది పెట్టె మొత్తానికి గోధుమ రంగు నీళ్లు పోసేసి పాతబడిందంటారు. అది పాతబడటం కాదు, టీ ఒలకడం.

పైకప్పు: నువ్వు కట్టేది ఆవిరి ఇంజన్ రోజులదైతే మసి అక్కడే ఎక్కువ. నల్ల రంగు వెయ్యకు, చిన్న బొమ్మ మీద నలుపు గుంటలా కనిపిస్తుంది. ముదురు బూడిద రంగులో కాస్త గోధుమ కలుపు. మధ్య గీత దగ్గర చిక్కగా, వాన జారే అంచుల దగ్గర పల్చగా ఉండాలి. గోడలు: వాన నీరు కిందికే కారుతుంది కాబట్టి చారలన్నీ నిలువుగా ఉండాలి, కిటికీ మూలల దగ్గర మొదలవ్వాలి. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) అక్రిలిక్‌లో బాగా నీళ్లు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వెయ్యి, లేకపోతే రంగు ముత్యాల్లా ముద్ద కడుతుంది. పూసిన వెంటనే పొడి బ్రష్‌తో కిందికి లాగెయ్. మ్యాట్ కొట్టాకే ఈ పని, మెరిసే రంగు మీద నిలవదు. కిటికీల కింద కిళ్లీ మరకలు మర్చిపోకు. అవి లేకపోతే అది మన బండి కాదు. ఒకటి రెండు కిటికీల కిందే, అదీ సన్నగా, కొంచెం వెనక్కి వాలి ఉండాలి, ఎందుకంటే ఉమ్మేటప్పుడు బండి నడుస్తోంది.

కింది భాగమే అసలు పని. పోత ఇనప బ్రేకు దిమ్మలు అరిగి రాలే పొడి తుప్పు పట్టి బోగీల మీద, పెట్టె చివర్ల అడుగున గోధుమ పూతలా పేరుకుంటుంది. దీనికి కొన్న పొడులు అక్కర్లేదు. గడపకి పూసే జేగురు తెచ్చుకో, అది ఇనప ఆక్సైడే, అంటే తుప్పు రంగు తుప్పుతోనే. దాంట్లో చిటికెడు మసి, చిటికెడు బూడిద కలిపి టీ జల్లెడలో జల్లించి మెత్తటి బ్రష్‌తో అద్దు. స్టేషనరీలో దొరికే ఆయిల్ ప్యాస్టెల్ దీనికి పనికిరాదు, నూనె జిడ్డుతో మరకలవుతుంది. పైన మ్యాట్ కొట్టగానే పొడి సగం మాయమైనట్టు కనిపిస్తుంది, కంగారు పడకు, ముందే ఒక మోతాదు ఎక్కువ వేసుకో. ఫుట్‌బోర్డు అంచులకీ, తలుపు పిడులకీ 6బి పెన్సిల్‌తో రెండు గీతలు గీస్తే చేతులూ కాళ్లూ రాసుకుని మెరిసిన ఇనుములా వస్తుంది. ఇది మాత్రం అన్నిటికన్నా ఆఖర్న, మ్యాట్ పైన.

పర్లాకిమిడి నుంచి మళ్లీ

గురువులందరికీ థాంక్స్. బోగీ వదులు చేశాను, మలుపు దాటేస్తోంది. ఇంకో రెండు. నా దగ్గర పాత ఫోటోలే ఉన్నాయి, డ్రాయింగులు లేవు, వెడల్పు అంచనాగా పెట్టాను. సరిచూసుకోవడం ఎలా? కిటికీ చువ్వలకి దారం వాడాను, వేలాడిపోతోంది.

రాయగడ నుంచి జవాబు

పెట్టె చివర ఎదురుగా కనిపించే ఫోటో ఉందా? పెట్టె చివర సరిగ్గా కిందున్న పట్టాల మధ్య దూరం స్కేలుతో కొలువు. అది 762 అని తెలుసు కదా. ఉదాహరణకి ఫోటోలో పట్టాల మధ్య 30 మి.మీ., పెట్టె వెడల్పు 84 మి.మీ. ఉన్నాయనుకో. అసలు వెడల్పు సుమారు 2134 మి.మీ., నీ స్కేలులో 24.5. దగ్గరి పట్టా దూరపు పెట్టె కలిపి కొలిస్తే లెక్క తప్పుతుంది. అదే ఫోటోలో ఎత్తు కూడా తీసుకో. ఆ ఎత్తు పట్టుకుని పక్క నుంచి తీసిన ఫోటోలో పొడవు కట్టు. 2004లో న్యారోగేజి ఆగిపోయే ముందు చాలామంది కెమెరాలు పట్టుకెళ్లారు కాబట్టి ఎదురు ఫోటో ఎవరో ఒకరి దగ్గర ఉండకపోదు.

బరంపురం నుంచి జవాబు

చువ్వలకి గిటారు మొదటి తీగ కొనండి. 0.009 అంగుళాలది సుమారు 0.23 మి.మీ. ఉంటుంది, 1:87లో 20 మి.మీ. చువ్వ. వేలాడదు. కిటికీ కొలత కన్నా రెండు పక్కలా 2 మి.మీ. ఎక్కువ ఉంచి గోడ లోపలి వైపు అంటించండి. షట్టర్ల బదులు ఎక్కడైనా పారదర్శక షీటు పెడితే దాని దగ్గర ఫెవిక్విక్ వాడొద్దు, ఆవిరికి షీటు తెల్లగా మసకబారుతుంది, అక్కడ ఫెవికాలే. తీగ కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, ముక్క సూదిలా ఎగురుతుంది.