‘కవాటం సన్నబడింది’ అనవచ్చునా?

ప్రశ్న: మా అత్తగారి టూడీ ఎకో (గుండె స్కానింగు) రిపోర్టులో ‘సివియర్ మైట్రల్ స్టెనోసిస్’ అని ఉన్నది. ఒక పత్రికలో దీనిని ‘కవాటం సన్నబడటం’ అన్నారు. బంధువులేమో ‘వాల్వు మూసుకుపోయిందట’ అంటున్నారు. ఈ రెండింటిలో ఏది సరైన మాటో సభ్యులు తెలుపగలరు.

జవాబు: రెండూ సరిపోవని నా అభిప్రాయం. కవాటమంటే తలుపు, తలుపు రెక్క. ఆ రెక్కలు తెరిచి మూసే దారి ద్వారం. మైట్రల్ కవాటం గుండె ఎడమవైపు పై గది (కర్ణిక)కి, కింది గది (జఠరిక)కి మధ్య ఉంటుంది. ఈ జబ్బులో దాని రెక్కలు సన్నబడవు సరికదా, మందమెక్కి, బిరుసెక్కి, కలిసే అంచుల దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సన్నబడేది వాటి నడుమ రక్తం దిగే దారి. అందుచేత ‘కవాట ద్వారం ఇరుకు కావడం’ అంటే విషయం తిన్నగా అర్థమవుతుంది. ఆరోగ్యవంతులలో ఈ ద్వారం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది, అది 1.5కు గాని అంతకన్న తక్కువకు గాని వస్తే ‘సివియర్’ అని రాస్తారు. అంటే ఆ విశేషణం ప్రధానంగా ద్వారపు ఇరుకును చెబుతున్నదే తప్ప మనిషి పడే బాధను కాదు. మెట్లెక్కినప్పుడు కొంచెం ఆయాసం తప్ప మరే ఇబ్బందీ లేదనేవారి రిపోర్టులోనూ ఆ మాట కనిపించవచ్చు. అలాగని దానిని తేలికగా తీసుకోనూ కూడదు. ఎడమ కర్ణిక నుంచి రక్తం సరిగా దిగక వెనుక ఊపిరితిత్తులలో ఒత్తిడి పెరగడం వల్లనే ఆ ఆయాసం వస్తుంది.

‘మూసుకుపోయింది’ అనే మాటతో చిక్కు ఇంకా పెద్దది. ప్రతి స్పందనలోనూ ఒకసారి మూసుకోవడం కవాటం చేయవలసిన పనే. పైగా మన వాడుకలో గుండె విషయమై ‘మూసుకుపోవడం’ అంటే రక్తనాళాలలో పూడికే గుర్తుకు వస్తుంది కనుక, ‘అయితే స్టెంటు వేస్తారా?’ అని ఇంటిల్లిపాదీ అడుగుతారు. స్టెంటు ఆ పూడికకు చేసే చికిత్స. ఇక్కడ, రెక్కల తీరు అనుకూలంగా ఉంటే తొడ దగ్గరి సిర గుండా బెలూనును గుండెలోకి పంపి, అతుక్కున్న అంచులు విడిపోయేలా ఉబ్బిస్తారు; అనుకూలంగా లేకుంటే శస్త్రచికిత్స చేసి కవాటాన్ని బాగుచేయడమో, మార్చడమో చేస్తారు. మన దేశంలో ఈ ఇరుకుకు ప్రధాన కారణం చిన్నతనంలో గొంతునొప్పి తరువాత వచ్చే రుమాటిక్ జ్వరం. దీనిని ‘కీళ్లవాత జ్వరం’ అని అనువదించడం కూడా నాకు నచ్చదు, ఎందుకంటే ఆ పేరు వినగానే పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు మనసులో మెదులుతాయి గాని బడిపిల్లల గుండె మెదలదు.

‘రిగర్జిటేషన్’కు జనం వాడే ‘వాల్వు లీకు’ మాత్రం మంచి మాట. రెక్కలు పూర్తిగా కలవక రక్తం వచ్చిన గదిలోకే కొంత తిరిగిపోవడం దాని అర్థం. గుండె బయటికి కారిపోవడం కాదని విన్నవారికి ఒక్క ముక్క చెబితే చాలు. రిపోర్టులో దానికి ముందు ‘ట్రివియల్’ (అతి స్వల్పం) అని ఉంటే, తక్కిన గుండె బాగున్నప్పుడు సాధారణంగా కంగారు పడనక్కరలేదు, అంతటి లీకు ఆరోగ్యవంతులలో సైతం చాలామందికి కనిపిస్తుంది.

మరొక సభ్యుని సందేహం: బడిలో బైకస్పిడ్ కవాటమంటే అగ్రద్వయ కవాటం, అందరికీ ఎడమవైపు ఉండేదే అని చదువుకున్నాము. మా తమ్ముడి రిపోర్టులో ‘బైకస్పిడ్ ఎయోర్టిక్ వాల్వ్’ను లోపంగా ఎందుకు రాశారు?

జవాబు: మీరు చదివినది తప్పు కాదు, కాని అది మైట్రల్ కవాటానికి మరో పేరు, దానికి రెండు రెక్కలుండటమే సహజం. ఎయోర్టిక్ కవాటం ఎడమ జఠరికకు, బృహద్ధమనికి మధ్య ఉండేది, దానికి మూడు రెక్కలుండాలి. నూటికి ఒకరిద్దరిలో అది పుట్టుకతోనే రెండు రెక్కలతో ఏర్పడుతుంది. అందువల్ల తెలుగులో దీనిని ఉత్త ‘ద్విపత్ర కవాటం’ అనక, ‘రెండు రెక్కలతో ఏర్పడిన బృహద్ధమని కవాటం’ అని విడమరచి రాయడమే మేలు. ఇది ఏళ్లు గడిచేకొద్దీ ఇరుకు కావచ్చు, లీకు కావచ్చు, పక్కనున్న బృహద్ధమని కూడా వెడల్పు కావచ్చు. కనుక ఎంత కాలానికొకసారి ఎకో తీయించాలో వైద్యులనే అడగండి. కొన్ని కుటుంబాలలో ఒకరికి మించి కనిపించే లోపం కాబట్టి, తోబుట్టువులైన మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోవాలేమో అదే సమయంలో అడగడం మంచిది.