అప్‌డేట్: పఠనంలో తడబడి, మానేద్దామా అని అడిగింది నేనే

పెంతెకోస్తు పండుగ రోజు మా క్యాథలిక్ గుడిలో, పూజలో బైబిలు నుంచి చదివే మొదటి పఠనంలో 'పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు' అన్న జాతుల పేర్ల దగ్గర నాలుక మడతపడిందని, ఇక గుడిలో చదవడం మానేయాలా అని అడిగాను కదా. మానలేదు. నిన్న మళ్ళీ చదివాను.

మీలో ఒకరు చెప్పినట్టు వారమంతా పైకి చదివి ప్రాక్టీస్ చేశాను. ఆదివారం పఠనాలు మూడేళ్ళ చక్రంలో తిరుగుతాయి కాబట్టి ఏ వారం ఏది వస్తుందో ముందే తెలుస్తుంది. ఇన్నాళ్ళూ పూజకు పది నిమిషాల ముందు పుస్తకం తెరిచేదాన్ని, అసలు తప్పు అదే. ఇంకోటి, ఎర్ర అక్షరాల్లో ఉండే 'మొదటి పఠనం' అన్న శీర్షికను కూడా చదివేసేదాన్ని! అది చదవకూడదట, నేరుగా ఏ గ్రంథం నుంచో చెప్పి మొదలుపెట్టాలి.

నిన్న మైకు నా గడ్డం కిందికి ఉంది. ముందు దాన్ని పైకి వంచి, ఊపిరి తీసుకుని మొదలుపెట్టాను. చేతులు వణికాయి కానీ గొంతు వణకలేదు. ఒక చోట వాక్యం మధ్యలో ఆగాను, ఎవరూ పట్టించుకోలేదు.

ఆడవాళ్ళు చదవొచ్చా అని ఒకరు అడిగారు. ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నాం. 2021 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ మార్చింది వేరే విషయం: పఠకులుగా, పీఠసేవకులుగా (పూజలో పీఠం దగ్గర సాయం చేసేవాళ్ళు) శాశ్వత నియామకం అంతకుముందు మగవాళ్ళకే ఉండేది, దాన్ని ఆడవాళ్ళకూ తెరిచారు.

సువార్త (యేసు గురించిన భాగం) మాత్రం గురువో (ఫాదర్) డీకనో (గురువు కంటే కింది హోదాలో అభిషేకం పొందినవారు) చదువుతారు, ఆ టెన్షన్ నాకు లేదు. వచ్చే నెల జాబితాలో నా పేరు రెండుసార్లు ఉంది.