క్రాష్‌కెర్నెల్: అన్ని సర్వర్లకూ 1 జీబీ కేటాయించాలా, కొలిచి ఇవ్వాలా?

కెర్నెల్‌కాపరి: లినక్స్ కుప్పకూలితే అప్పటి మెమరీని దాచిపెట్టే (డంప్ చేసే) కేడంప్ కోసం ముందే పక్కనపెట్టే ర్యామే క్రాష్‌కెర్నెల్. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో, ఆ సైజును తనే ఎంచుకునే ‘క్రాష్‌కెర్నెల్=ఆటో’ తీసేశారు. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) మెషీన్లకు అందులో డీఫాల్ట్ ఇలా ఉంది: ర్యామ్ 1–4 జీబీ అయితే 192 ఎంబీ, 4–64 అయితే 256, ఆపైన 512. ఈ లెక్కలెందుకండీ, అన్నిటికీ 1 జీబీ పెట్టేస్తే పోలా? 256 జీబీ మెషీన్‌లో అదెంత?

పేజీఫాల్ట్: మరి 8 జీబీ వీఎం (వర్చువల్ మెషీన్)లో? ఎనిమిదో వంతు హుష్‌కాకి. ఆ భాగాన్ని మామూలు కెర్నెల్ ముట్టుకోనే ముట్టుకోదు. అయినా ర్యామ్‌ని బట్టి కొలవడమే సరికాదు. ర్యామ్ ఎంతున్నా, డంప్‌ని కుదించి రాసే మేక్‌డంప్‌ఫైల్ సైక్లిక్ పద్ధతిలో విడతలవారీగా పని కానిస్తుంది. మెమరీ మింగేవి డ్రైవర్లు: హెచ్‌బీఏలు (స్టోరేజ్‌ని కలిపే కార్డులు), నెట్‌వర్క్ కార్డుల రింగ్ బఫర్లు. ‘కేడంప్‌సీటీఎల్ ఎస్టిమేట్’ కొట్టండి, సిఫార్సు చేసిన సైజు, బరువైన మాడ్యూళ్ల జాబితా కనబడతాయి. డంప్‌కి అక్కర్లేని డ్రైవర్లను కేడంప్ సెట్టింగుల ఫైల్ కేడంప్ కాన్ఫ్‌లోని డ్రాకట్ ఆర్గ్స్‌లో ‘ఒమిట్-డ్రైవర్స్’తో తప్పించండి.

కెర్నెల్‌కాపరి: ఎస్టిమేట్ ఇచ్చేది అంచనాయే కదా. ఎక్కువ పెడితే, కేడంప్ ఆపి, ‘కెక్సెక్_క్రాష్_సైజ్’ ఫైల్‌లో చిన్న అంకె రాసి నడుస్తుండగానే తగ్గించొచ్చు. పెంచాలంటే మాత్రం రీబూట్ తప్పదు. అందుకే ముందు ఎక్కువ పెట్టమంటున్నా.

పేజీఫాల్ట్: అలా తగ్గించింది రీబూట్ దాకానే. నిలవాలంటే బూట్ సెట్టింగులు మార్చే టూల్ గ్రబ్బీతో బూట్ ఆర్గ్యుమెంటే మార్చాలి. ఇంకోటి, 4 జీబీ పైన కేటాయించమని ‘1జి,హై’ అని రాస్తే ఎక్స్86లో 4 జీబీ కింద కనీసం మరో 256 ఎంబీ విడిగా పోతుంది. డీఎంఏకి (పరికరాలు నేరుగా మెమరీ వాడుకోవడానికి) అది కావాలి, సున్నా చేయొద్దు.

డిస్క్‌దొర: ఇద్దరూ లక్స్ (లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) సంగతి వదిలేశారు. డంప్ రాసే డిస్క్ లక్స్2తో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, దాన్ని తెరవడానికే, పాస్‌ఫ్రేజ్ నుంచి తాళంచెవి తయారుచేసే ఆర్గాన్2 ఒక జీబీ దాకా అడగొచ్చు. అప్పుడు కాపరి గారి 1 జీబీ కూడా చాలదు. పైగా పాస్‌ఫ్రేజ్ కొట్టడానికి కన్సోల్ దగ్గర మనిషి ఉండాలి. అలాంటిచోట ఎస్‌ఎస్‌హెచ్‌తో వేరే సర్వర్‌కి పంపడమే మేలు. కాకపోతే నెట్‌వర్క్ డ్రైవర్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (డంప్ కెర్నెల్ బూట్‌లో ర్యామ్‌లోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్)లోకి వస్తుంది, కాబట్టి ఎస్టిమేట్ మళ్లీ చూడాలి.

కెర్నెల్‌కాపరి: లక్స్ మాట ఒప్పుకుంటున్నా. కానీ వందల మెషీన్లకు విడివిడిగా ఎవరు కొలుస్తారండీ?

పేజీఫాల్ట్: విడివిడిగా వద్దు. ఒకే హార్డ్‌వేర్, ఒకే డంప్ టార్గెట్ ఉన్నవాటిని గుంపు చేసి, ఒక్కో గుంపులో ఒకదాన్ని సింక్ చేశాక (రాయాల్సిన డేటా డిస్క్‌కి చేర్చాక), కెర్నెల్‌కి నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్‌కి ‘సి’ పంపి పడగొట్టండి. సీరియల్ కన్సోల్ తెరిచే ఉంచండి: ఔట్ ఆఫ్ మెమరీ సందేశం వచ్చినా, చివర్లో ‘వీఎంకోర్-ఇన్‌కంప్లీట్’ (సగంలో ఆగిన డంప్) మిగిలినా 128 ఎంబీ పెంచి మళ్లీ. కెర్నెల్‌ని గానీ హెచ్‌బీఏ డ్రైవర్‌ని గానీ అప్‌డేట్ చేస్తే ఇదంతా మొదటికొస్తుంది.