గ్లాకోమా చుక్కల సీసా నెల తిరక్కుండానే అయిపోతోంది, ఏం చేయాలి?

అమ్మకు 68 ఏళ్లు, రెండు కళ్లకూ గ్లాకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు). రాత్రిపూట లటానోప్రోస్ట్ అనే చుక్కల మందు, ఒక్కో కంట్లో ఒక్క చుక్క. 2.5 మి.లీ. సీసాలో సుమారు 80 చుక్కలుంటాయి, నెలకు 60 చాలు. అయినా ఇరవయ్యో రోజుకే ఖాళీ. చేయి వణికి చుక్క రెప్ప మీదో చెంప మీదో పడుతుంది. కంట్లో పడిందో లేదో తెలియక ఇంకోటి పిండుకుంటుంది. సీసా మొన కనురెప్పలకు తగిలితే మందు కలుషితమవుతుందన్న భయంతో మరీ ఎత్తులో పట్టుకుంటుంది, గురి తప్పేది అక్కడే.

టిమోలోల్ అనే ఇంకో చుక్కల మందు కూడా ఉంది. అది ముక్కులోకి దిగి రక్తంలో కలిస్తే గుండె వేగం తగ్గొచ్చు కాబట్టి, వేశాక కళ్లు మూసి ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు నొక్కడం మాత్రం మాననివ్వడం లేదు. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు ఆగుతోంది.

పడుకుని వేసుకుంటే గురి కుదురుతుందా? ఫ్రిజ్‌లో పెట్టిన సీసా అయితే చల్లదనానికి చుక్క పడినట్టు తెలుస్తుందా? చుక్క సరిగ్గా కంట్లో పడేలా సీసాకు తగిలించే ప్లాస్టిక్ గైడ్ ఎవరైనా వాడారా, ఇక్కడి సీసాలకు పడుతుందా? దయచేసి చెప్పండి.