కుక్కతో మెల్‌బోర్న్‌లో అద్దె ఇల్లు: ఏజెంట్‌కి ముందే చెప్పాలా?

విజయవాడ నుంచి, కొత్తగా వచ్చాం:
అందరికీ నమస్కారం. మేమిద్దరం మెల్‌బోర్న్ వచ్చి ఏడు నెలలైంది. ఇన్నాళ్ళూ మావారి కొలీగ్ ఇంట్లో ఒక గదిలో ఉన్నాం. నా స్నేహితురాలు వచ్చే నెల ఇండియా వెళ్ళిపోతూ తన కుక్క బుజ్జిని మాకు అప్పగిస్తోంది. ఐదేళ్ళది, చిన్నది, పెద్దగా అరవదు. ఇప్పుడు సొంతంగా యూనిట్ తీసుకోవాలి, వారానికి 520 డాలర్ల లోపు. కుక్క ఉందనగానే ఇద్దరు ఏజెంట్లు మళ్ళీ ఫోన్ చేయలేదు. అప్లికేషన్‌లో చెప్పాలా, చెప్పకుండా చేరిపోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

టార్నీట్ నుంచి, పన్నెండేళ్ళుగా ఇక్కడే:
చెల్లీ, చెప్పకుండా మాత్రం చేరొద్దు. మాకు జరిగింది చెప్తాను, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదువు.

2022లో ఒక టౌన్‌హౌస్ తీసుకున్నాం. అప్పటికే మా దగ్గర లాబ్రడార్ ఉంది. ఇల్లు చూపించినామె "ఓనర్‌కి కుక్కలంటే ఇష్టమే, నో ప్రాబ్లమ్" అంది. నోటిమాటే. నమ్మేశాం. ఎనిమిది నెలలకి ఆమె ఉద్యోగం మానేసింది, కొత్త ఏజెంట్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాడు. వంటింట్లో మా వాడు స్టీలు గిన్నెలో పెరుగన్నం తింటున్నాడు. ఏజెంట్ ఒక్క మాట మాట్లాడకుండా ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగో రోజు మెయిల్ వచ్చింది, అనుమతి లేకుండా జంతువుని పెట్టుకున్నారు, పంపించేయండి అని. ఆ రాత్రి మా చిన్నది కుక్క మెడ పట్టుకుని హాల్లోనే పడుకుంది, ఎంత పిలిచినా గదిలోకి రాలేదు.

అప్పుడు గుడిలో కలిసిన ఒకాయన చెప్తే పెట్ రిక్వెస్ట్ ఫారం, అంటే కుక్కని పెట్టుకుంటామని ఓనర్‌ని అడిగే ఫారం, నింపి పంపాం. మెల్‌బోర్న్ ఉన్న మన విక్టోరియా రాష్ట్రంలో 2020 మార్చి 2 నుంచి చట్టం ఇదే. ఫారం అందాక ఓనర్‌కి ఇష్టం లేకపోతే 14 రోజుల్లో వీక్యాట్ ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఒప్పుకున్నట్టే. పంచాంగం క్యాలెండర్‌లో రోజూ ఒక గీత పెట్టుకుంటూ లెక్కపెట్టాను. వాళ్ళు వెళ్ళలేదు, కుక్క మాతోనే ఉంది.

కానీ ఖాళీ చేసేటప్పుడు ఆ కోపమంతా కార్పెట్ మీద చూపించారు. బాల్కనీ తలుపు దగ్గర పోగులు లేచాయి, కుక్కే గీకింది, బాండ్‌లోంచి, అంటే చేరేటప్పుడు కట్టిన డిపాజిట్‌లోంచి, 640 డాలర్లు వదులుకోండి అన్నారు. చేరినప్పుడు ఇల్లు ఎలా ఉందో రాసే కండిషన్ రిపోర్ట్‌లో అదే చోటు "అరిగి ఉంది" అని మావారు రాసి, ఫొటో జత చేసి పంపారు. అది చూపించగానే ఊరుకున్నారు. ఆ రిపోర్ట్ నింపి పంపడానికి చేరాక ఐదు పనిదినాలే టైమ్ ఉంటుంది. సామాన్లు తర్వాత సర్దుకోవచ్చు, ముందు అది చెయ్యి.

ఇంకొకటి, 520ని నాలుగుతో గుణించి నెల అద్దె అనుకోకు. ఏడుతో భాగించి 365తో గుణించి 12తో భాగిస్తే దాదాపు 2,260 వస్తుంది. బాండ్ కూడా దాదాపు అంతే.

పాయింట్ కుక్ నుంచి:
అక్కా, చట్టం మీరన్నదే. కానీ ఆ 14 రోజుల లెక్క అద్దెకి దిగినవాళ్ళకి పనికొస్తుంది. ఒక యూనిట్‌కి ఇరవై అప్లికేషన్లు వస్తే కుక్క లేనివాళ్ళనే ఎంచుకుంటారు, కారణం కూడా చెప్పరు. అందుకే నేనైతే ముందు ఇల్లు చేతికి రానిచ్చి, చేరాక ఫారం ఇవ్వమంటాను. మేం అలాగే చేశాం. పిల్లి మూడేళ్ళుగా మాతోనే ఉంది.

టార్నీట్ నుంచి:
తమ్ముడూ, మీ పిల్లి సంగతి వేరు. ఈ అమ్మాయికి ఇక్కడ రెంటల్ హిస్టరీయే లేదు. అప్లికేషన్‌లో పెట్స్ ఉన్నాయా అని అడిగినచోట "లేవు" అని రాసి, తాళాలు తీసుకున్న మర్నాడే ఫారం పంపితే ఆ ఏజెంట్ రేపు రిఫరెన్స్ ఏమిస్తాడు? రెండో ఇంటికి అదే కదా ఆధారం!

పాయింట్ కుక్ నుంచి:
అబద్ధం రాయమని నేను అనలేదు అక్కా. అడిగితే నిజమే రాయాలి. అడగనిచోట మనంతట మనమే ఎందుకు చెప్పుకోవాలి అంటున్నాను. ఇల్లు దొరక్క మా ఫ్రెండ్ ఒకడు కుక్కని షెల్టర్‌లో వదిలేసి వచ్చాడు. ఇప్పటికీ ఆ ఊసెత్తితే మాట్లాడడు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

వెస్ట్‌మీడ్, సిడ్నీ నుంచి:
14 కాదండీ, 21 రోజులు. 2025 మే 19 నుంచి అదే రూలు. పెట్స్ ఉన్నాయని అద్దె గానీ బాండ్ గానీ పెంచకూడదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కూడా కుక్కలే వద్దని గంపగుత్తగా అనలేవు. డార్లింగ్‌హర్స్ట్‌లో ఒక పెద్ద బిల్డింగ్ మీద ఆంగస్ అనే కుక్క యజమానులు కోర్టుకెళ్ళి 2020 అక్టోబర్‌లో గెలిచారు.

టార్నీట్ నుంచి:
అన్నగారూ, అది మీ న్యూ సౌత్ వేల్స్ సంగతి. అమ్మాయి ఉన్నది మెల్‌బోర్న్‌లో, ఇక్కడ 14 రోజులే. రాష్ట్రానికో రూలు ఉంది, కలిపేస్తే పాపం తను కంగారుపడుతుంది. పెర్త్‌లో పెట్ బాండ్ అని విడిగా తీసుకుంటారు, ఇక్కడ అదీ లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకు చెల్లీ.

వెర్రిబీ నుంచి:
అందరూ ఇంటి గురించే చెప్తున్నారు. అమ్మా, బుజ్జి చర్మం కింద ఉండే గుర్తింపు మైక్రోచిప్ ఇంకా మీ స్నేహితురాలి పేరు మీదే ఉందా? ఆమె విమానం ఎక్కకముందే మీ పేరుకి మార్పించుకోండి. తర్వాత ఆమె ఇండియా నుంచి సంతకాలు, మెయిళ్ళు పంపాలంటే ఇద్దరికీ తలనొప్పి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా మీ పేరు మీద ఉండాలి, ఏటా ఏప్రిల్ 10 లోపు రెన్యూ చేయాలి. ఆ కాగితం, వ్యాక్సిన్ కార్డు, మీ స్నేహితురాలి ఏజెంట్ దగ్గర నుంచి "ఈ కుక్క వల్ల ఇంటికి ఏ నష్టం జరగలేదు" అని రెండు లైన్ల మెయిల్. ఈ మూడూ అప్లికేషన్‌కి జత చేయండి. మాకు ఇల్లు వచ్చింది ఆ మెయిల్ వల్లే.

హైదరాబాద్ నుంచి, వచ్చే ఏడాది వస్తున్నాం:
మా గోల్డెన్ రిట్రీవర్‌ని ఇక్కడి నుంచి తెచ్చుకోవచ్చా అండీ?

వెర్రిబీ నుంచి:
ఇండియా నుంచి నేరుగా కుదరదు బాబూ. ఆస్ట్రేలియా ఒప్పుకున్న వేరే దేశం మీదుగా రావాలి, దిగాక మికిల్‌హామ్‌లో క్వారంటైన్. చాలా నెలల పని. విడిగా రాయండి, వివరంగా చెప్తాను.

విజయవాడ నుంచి, కొత్తగా వచ్చాం:
అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, ఫారం డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను. అడిగినచోట నిజమే రాస్తాం. వెర్రిబీ గారూ, చిప్ సంగతి మాకు అసలు తట్టనే లేదు, ఇంకా తన పేరు మీదే ఉంది. ఈ రాత్రే ఇద్దరం కూర్చుని మార్పిస్తాం. నా స్నేహితురాలు వాళ్ళ ఏజెంట్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టింది. శనివారం పదకొండింటికి ఫుట్‌స్క్రేలో ఒక గ్రౌండ్ ఫ్లోర్ యూనిట్ చూడ్డానికి వెళ్తున్నాం, వెనక చిన్న పెరడు కూడా ఉందట.