కొత్త కారు బానెట్‌పై రాళ్ల దెబ్బలు: టచప్ సరిపోతుందా?

ప్రశ్న: కారు కొని రెండు నెలలు నిండలేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ, 65వ నంబరు జాతీయ రహదారిపై కంకర టిప్పర్ వెనుక చాలాసేపు నడపవలసి రావడంతో బానెట్ అంచున నాలుగు చోట్ల రంగు లేచిపోయింది. ఒకచోట రేకు కనబడుతోంది. బానెట్ మొత్తానికి రంగు వేయించమని సర్వీస్ సెంటర్ వారంటున్నారు. అది అవసరమా?

జవాబు 1: నా దృష్టిలో అనవసరం. కర్మాగారంలో రంగును దాదాపు 140 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలు బిగించిన కారుకు వర్క్‌షాపులో అంత వేడి ఇవ్వలేరు కనుక, ఉన్న రంగును కాపాడుకోవడమే మేలు. డోర్ దగ్గరి ప్లేటుపై సాధారణంగా ఉండే రంగు కోడ్ చూసి టచప్ పెన్ కొనండి. గుంతను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రేకు తేలిన చోట ముందుగా ప్రైమర్ అద్ది, ఆరాక పళ్లపుల్లతో రంగును పలుచగా రెండు మూడు పూతలు వేసి, చివర క్లియర్ కోట్ (రంగులేని పై పూత) వేయండి. వానలు మొదలయ్యేలోపు ముగించండి. రేకుకు తుప్పు పడితే పని పెరుగుతుంది. దగ్గరగా చూస్తే మచ్చ తెలుస్తుంది, అది తప్పదు.

జవాబు 2: ఇంత చిన్నదానికి బీమా క్లెయిమ్ చేయకండి. మొదటి రెన్యువల్‌లో సొంత నష్టం ప్రీమియంపై రావలసిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివారికిచ్చే తగ్గింపు) పోతుంది.

జవాబు 3: సిరామిక్ కోటింగ్ రాళ్లను ఆపుతుందని అమ్మేవారు చెబితే నమ్మవద్దు, అది అతి పలుచని పొర. దెబ్బను కొంతైనా తట్టుకునేది సుమారు 150 నుంచి 200 మైక్రాన్ల మందముండే పీపీఎఫ్ (రంగుపై అతికించే పారదర్శక రక్షణ ఫిల్మ్) మాత్రమే. ఖర్చు ఎక్కువ కనుక బానెట్‌కు, ముందు బంపర్‌కు వేయిస్తే చాలు, అదీ టచప్ పూర్తిగా ఆరిన తరువాతే.